చేతులు మారిన పరీక్ష

మా మినియాపొలిస్ ల్యాబ్‌లో కంప్యూటర్లను కలిపే రెండు నెట్‌వర్కులకు పోటీ పెట్టారు. ఒకటి నాది, ఒకటి నా స్నేహితుడు లైల్‌ది. మంచు తుఫాను ఎటు వస్తుందో అంచనా వేసే లెక్క ఏది ముందు తేలిస్తే దాన్నే ఉంచుతారు.

"మోసం లేకుండా నీది నేను, నాది నువ్వు సిద్ధం చేద్దాం మార్లా," అన్నాడు లైల్.

అతని నెట్‌వర్క్‌లో ప్రతి సెట్టింగునూ వేగం పెరిగేలా ఓపిగ్గా సరిచేశాను. అదే గెలిచింది. నేనూ చప్పట్లు కొట్టాను.

నాది విప్పేసే ముందు ఒకసారి తెరిచి చూశాను. సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్నాయి.

"ఒక్కటీ ముట్టుకోలేదేంటి లైల్?"

"ఆన్ చేస్తే పనిచేసిందిగా!" డోనట్ కొరుకుతూ నవ్వాడు. "నాదాన్ని మాత్రం భలే పరిగెత్తించావ్. అలా చెయ్యడం నాకెక్కడ చేతనవుతుంది? అందుకేగా మార్చుకుందామన్నాను."