ఒకసారి తొక్కి చూపించండి

"వాడనే లేదమ్మా. కొన్నది కొన్నట్టే ఉంది," అన్నాడు ఇంటాయన, సోఫాలోంచి కదలకుండానే.

టైలరమ్మ వంగి సైకిల్ పెడళ్లు చూసింది. రబ్బరు మీద గీతలు అరిగి నున్నబడ్డాయి. ఎడమవైపుది మరీను.

ఆవిడకి అనుమానం ఫోన్లో ఆ ప్రకటన చూసిన రోజే మొదలైంది. ఇంట్లో తొక్కుకునే ఎక్సర్‌సైజ్ సైకిల్, సగం ధరకి. అడ్రసు రెండుసార్లు చదివింది. కొని నాలుగు నెలలు కాలేదట. అప్పుడే అమ్మేస్తున్నారట. ఎందుకు?

అసలు సైకిల్ ఆలోచన భర్త కోసం వచ్చింది. తెల్లారకముందే లేచి పరుగులు పెట్టే మనిషి, మూడు నెలలుగా కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. పిలిస్తే పలకడు. కంచం ముందు పెడితే రెండు ముద్దలు కెలికి లేచిపోతాడు. బయటికి నడవమంటే, నలుగురూ చూస్తారంటాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే మంచం పట్టడం ఖాయం. ఏం చేసైనా ఆ కుర్చీలోంచి లేపాలి. కొత్త సైకిల్ కొనే తాహతు లేదు. పాతవి వెతుకుతుంటే ఇది కంటపడింది.

హ్యాండిల్ మధ్యలో చిన్న మీటరు ఉంది. టైలరమ్మ బొత్తాం నొక్కింది.

"ఆరువందల పన్నెండు కిలోమీటర్లు చూపిస్తోంది. వాడలేదన్నారు?"

"అదా... మా ఆవిడ తొక్కింది లెండి."

"నేనా!" అంది వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఇంటావిడ.

ఆయన ఒక చూపు చూశాడు.

"ఆఁ, నేనే. ఏదో ఊసుపోక..." అని కొంగు సర్దుకుంది ఆవిడ.

టైలరమ్మ ఇరవై ఏళ్లుగా ప్యాంట్లు కుడుతోంది. కాలి పొడవు చెప్పడానికి ఆవిడకి టేపు అక్కర్లేదు. ఈ సీటు ముప్పై మూడు అంగుళాల కాలికి బిగించి ఉంది. ఇంటావిడది ఇరవై ఏడు దాటదు. ఈ సీటెక్కితే పెడల్ అందుకోవడానికి ఆవిడ కాళ్లకి పీటలు కట్టుకోవాలి.

"రోజూ తొక్కేవారా అమ్మా?"

"రోజూ అంటే... ఏమండీ, రోజూ తొక్కానంటారా?"

"ఏమ్మా," ఇంటాయనకి చిర్రెత్తుకొచ్చింది, "నువ్వు సైకిల్ కొనడానికొచ్చావా, పోలీసు విచారణకొచ్చావా?"

"కోప్పడకండి సార్. కుట్టుకూలీ డబ్బులు. రేపు ఇంటికెళ్లాక బెల్టు తెగితే మిమ్మల్ని మళ్లీ ఎక్కడ పట్టుకోను?"

"ఏమీ తెగదు. నువ్వే ఎక్కి చూసుకో."

"నేనెక్కితే ఏం తెలుస్తుంది? బక్కప్రాణిని. తొక్కాల్సింది మా ఆయన. ఇంచుమించు మీ ఎత్తూ మీ బరువే. మీరొకసారి తొక్కి చూపించండి."



మొగుడూ పెళ్లాలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంటావిడ గబగబా ముందుకొచ్చింది.

"ఆయనకి నడుం నొప్పమ్మా. ఎక్కలేరు."

"ఒక్క నిమిషమేగా."

"వద్దండీ," అంది ఇంటావిడ, ఈసారి భర్తతో. గొంతు తగ్గించే అంది కానీ, ఇరుకు గది, అందరికీ వినపడింది.

ఎక్కితే ఏమవుతుందని అంత కంగారు? టైలరమ్మ చేతిసంచీ భుజానికి తగిలించుకుంది.

"అయితే వదిలేయండి సార్. పక్క వీధిలో ఇంకొకాయన అమ్ముతున్నాడు. ఆయన తొక్కి చూపిస్తానన్నాడు."

"ఆగమ్మా, ఆగు. ఎంతకి అమ్ముతున్నాడేమిటి?"

"ధర సంగతి కాదు సార్, నమ్మకం సంగతి. మీరు తొక్కి చూపిస్తే చెప్పిన ఎనిమిది వేలూ ఇచ్చేదాన్ని. ఒక్క రూపాయి తగ్గించమని అడిగేదాన్ని కాదు."

నెల రోజులుగా వచ్చినవాళ్లందరూ నాలుగు వేల దగ్గరే బేరం మొదలుపెట్టారు. ఇంటాయన గడ్డం గోక్కున్నాడు. కిటికీ వైపు చూశాడు.

"కర్టెన్ వెయ్యవే."

"ఏమండీ..."

"వెయ్యమన్నానా! అలాగే వీధి తలుపు కూడా."

పట్టపగలు గది చీకటి పడింది. ఇంటావిడ గొణుక్కుంటూ లైటు వేసింది. ఇంటాయన సోఫాలోంచి చులాగ్గా లేచి, రెండంగల్లో వచ్చి సీటెక్కి కూర్చున్నాడు. సీటు ఆయనకి కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

టైలరమ్మ ఫోను తీసింది.

"ఫోనెందుకు?" ఇంటావిడ అదిరిపడింది.

"మా ఆయనకి చూపించాలమ్మా. కళ్లతో చూస్తే గానీ నమ్మడు. చూశాడంటే మాత్రం ఆ కుర్చీలోంచి లేస్తాడు."

"తీసుకోనీవే," అన్నాడాయన. అప్పటికే చక్రం తిరుగుతోంది. "చూడు, చప్పుడుందా? నూనె రాసినట్టు తిరుగుతోంది."

"ఇంకాస్త గట్టిగా తొక్కండి సార్. బిగువు పెంచి."

ఆయన మీట తిప్పాడు. మోకాళ్లు పైకీ కిందకీ ఆడుతున్నాయి. టైలరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. మనిషి మొహం నించి పాదం దాకా, వెనక గోడ మీది క్యాలెండర్‌తో సహా పట్టేలా నిలబడి, వీడియో తీసింది.

"చాలా?" రొప్పుతూ నవ్వాడాయన.

"చాలు సార్. సైకిల్ భేషుగ్గా ఉంది."

"మరి అనుమానం తీరిందా?"

"పూర్తిగా తీరింది," అంది టైలరమ్మ.

మర్నాడు ఉదయం వకీలు ఆ వీడియో రెండుసార్లు చూసి, కళ్లజోడు తీసి, "మీ ఆయన వ్యాను గుద్దడం వల్ల ఎడమ మోకాలు ఇక జన్మలో వంగదని చంకకర్రలతో కోర్టుకొచ్చే మనిషి ఈయనేనా?" అన్నాడు.