రేకులో చుట్టిన మందు

“నాలుగు కేజీలు పెరిగారండి దొరబాబు గారూ,” అన్నాడు జనార్దన్, బరువు మిషను మీద ముల్లు రెండోసారి చూసి. “రక్తం పడుతోందా?”

“ఆగి నెల్లాళ్లయిందండి,” అన్నాడు దొరబాబు, మిషను దిగుతూ.

ఆత్రేయపురంలోని ఆ ఇంటి వసారాలో దొరబాబు భార్య అచ్చాయమ్మ, బోర్లించిన కుండ ముందు కూర్చుని పూతరేకులు తీస్తోంది. పిండినీళ్లలో ముంచిన గుడ్డ కాగిన కుండ మీద ఇలా పరిచి అలా లాగేసరికి పల్చటి రేకు లేస్తోంది. చేతులు కుండ దగ్గరున్నా చెవులు మాత్రం మొగుడి బరువు దగ్గరే ఉన్నాయి.

ఉండవూ మరి. రెండు నెలల కిందట అదే మనిషి గోడ పట్టుకుని దొడ్లోకి వెళ్లొచ్చేవాడు. పెద్దపేగంతా పుండ్లు. ఏ మందు వేసినా పొట్టలోనే కరిగిపోయేది తప్ప పుండు దాకా చేరేది కాదు. పేగు కోసి తీసేయాలన్నాడు డాక్టరు. అది రెండువేల ఐదో సంవత్సరం. జనార్దన్ పనిచేసే పరిశోధన సంస్థ అప్పుడే ఓ కొత్తరకం మందు గొట్టాలను, అంటే క్యాప్సూళ్లను, కొంతమంది రోగులకిచ్చి పరీక్షిస్తోంది. ఆ డాక్టరే దొరబాబు పేరు రాయించాడు. అరవై రోజులకు అరవై గొట్టాలు. గుణమిస్తే ఇంకో ఏడాది ఉచితంగా ఇస్తారు. లేదంటే కత్తే గతి.

మొదటిరోజు జనార్దన్ ఎంతో ఓపిగ్గా వివరించాడు. గొట్టం పైడొప్ప మామూలుది కాదు, పాలిమర్ పూత పూసింది. పొట్టలోని పులుపుకి చెక్కుచెదరదు, పెద్దపేగు చేరాకే కరుగుతుంది. లోపలి మందు కంటికి ఆననంత సన్నటి నలుసులు. పుండు ఉన్నచోటే పట్టుకుంటాయి. పొద్దున్నే పరగడుపున నీళ్లతో మింగాలి. ఇంతా చెప్పి, అచ్చాయమ్మకి తేలిగ్గా అర్థం కావాలని చివర్లో ఓ మాట కలిపాడు. “మీ రేకు నాలుక మీద కరుగుతుంది కదండీ, ఇది పేగులో కరుగుతుంది. అంతే తేడా.”

ఆ మాటే కొంప ముంచింది.

“అంతా మా డొప్ప గొప్పతనమండి,” అన్నాడు జనార్దన్ ఇప్పుడు, కాగితం మీద రాసుకుంటూ. సంతోషం మొహంలో దాగడం లేదు.

అచ్చాయమ్మ గుడ్డని పిండినీళ్లలో వదిలేసింది. “డొప్పదేం గొప్పండి? దాన్ని నేను ఒక్కనాడూ మింగనివ్వలేదు.”

పెన్ను ఆగింది. “అంటే?”

“పుండుపడ్డ పేగులోకి ఎవరైనా ప్లాస్టిక్కు పంపుతారాండి? నా రేకులాంటిదేనని మీరే చెప్పేరు. అసలు రేకే ఇంట్లో ఉండగా, లాంటిది దేనికండి? రోజూ పొద్దున్నే ఆయన గొట్టం తీసి నా చేతికిస్తారు. నేను డొప్పలు రెండూ లాగేసి, లోపలి గుండ రేకులో పోసి, కాస్త బెల్లం చల్లి, మడిచి నోట్లో పెడతాను. డొప్పలు పెరట్లోకి విసిరేస్తే, కోళ్లు తింటాయని పాపం ఆయనే ఏరుకొస్తారు.”

“అరవై రోజులూనా?”

“ఆయ్. మొదటిరోజు చేదుకి డోకొచ్చిందండి. రెండోరోజు నుంచి చేదు ఊసే లేదు. చెయ్యి తిరిగేకొద్దీ అంతే కదండీ.”

జనార్దన్ దొరబాబు వైపు తిరిగాడు. “మీరైనా చెప్పొద్దాండీ?”

“వద్దన్నారండి, ఎందుకనలేదు,” మొగుడి బదులు ఆవిడే చెప్పింది. “నేను రెండు పూటలు అన్నం మానేసేసరికి దారికొచ్చేరు.”

“ఆయ్,” అన్నాడు దొరబాబు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన ఇచ్చిన పెద్ద ఉపన్యాసం అదే. పిండంటిన వేళ్లు పంచెకి తుడుచుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరి వేళ్లు చూసినా పిండే.

జనార్దన్ పెన్నుకి మూత పెట్టాడు. “అచ్చాయమ్మ గారూ, డొప్ప తీసేస్తే మందు పొట్టలోనే కరిగిపోతుందండి. మరి ఈయన ఎలా తేరుకున్నారో నాకు అంతుబట్టడం లేదు. కానీ మీరు చెప్పింది రాయకపోతే దగా అవుతుంది. రాస్తే ఈయన పేరు కొట్టేస్తారు. రేపటి నుంచి మందు రాదు.”

అచ్చాయమ్మ మొహం పాలిపోయింది. కుండ కింద కొబ్బరాకు మంట ఆరిపోతున్నా చూసుకోలేదు. “తప్పు నాదైతే ఆయనకి మందు ఆపుతారాండి?” అంది. “మళ్లీ ఆ రక్తం నేను చూళ్లేను బాబూ. నా చేతులు విరిగిపోనూ, మంచే చేస్తున్నాననుకున్నాను.”

జనార్దన్ సంచి సర్దుకుని లేచాడు. దొరబాబు బరువు మిషను చంకన పెట్టుకుని ఆటో దాకా వెంట వచ్చాడు. మొన్నటి దాకా చెంబెడు నీళ్లు ఎత్తలేని మనిషి. అది చూస్తుంటే జనార్దన్‌కి ఇంకా బాధేసింది.

“ఏమీ అనుకోకండి దొరబాబు గారూ. నాకు రాయక తప్పదు.”

“రాయండి. జరిగింది జరిగినట్టే రాయండి,” అన్నాడు దొరబాబు. మిషను ఆటోలో పెట్టి, ఇంటివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు. “ఆవిడకి మాత్రం చెప్పనని మాటివ్వండి. మళ్లీ అన్నం మానేసుద్ది.”

“ఏం చెప్పకూడదండీ?”

“రెండోరోజు నుంచీ అసలుది నేను మింగేసి, ఆవిడకి బియ్యప్పిండి నింపిన డొప్ప ఇచ్చేనండి.”