జెండా విసరని అంపైర్

విరామంలో, రెఫరీల గదిలో, రాండల్ ఉండబట్టలేక అడిగేశాడు.

"వెండెల్ గారూ, ఆ పసుపు జెండాని మీ ఆవిడ జేబుకి పెట్టి కుట్టేసిందా ఏమిటి?"

మిగతా ముగ్గురూ నీళ్ల సీసాల చాటున నవ్వుకున్నారు.

అంపైర్ వెండెల్ జేబు తడిమి చూసుకున్నాడు.

"లేదు రెఫరీ గారూ. వదులుగానే ఉంది."

"మరి తీయరేం? ఆట సగమైపోయింది. ఒక్క తప్పూ కనబడలేదా?"

"జరగబోయినవి చాలా ఉన్నాయి. ముందే చెప్తే మానేశారు."

రాండల్‌కి ఆ జవాబు నచ్చలేదు. ఆటగాడు తప్పు చేయగానే విసిరే ఆ జెండాల్ని అక్షింతల్లా చల్లేవాడే గట్టి రెఫరీ అని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే ఐదుగురు రెఫరీల జట్టుకి తెల్లటోపీ పెట్టుకునే పెద్ద అయ్యాడు.

పైగా ఇది మామూలు ఆట కాదు.

నెబ్రాస్కాలో ఆర్డెన్, మిల్‌ఫోర్క్ పక్కపక్క ఊళ్లు. అమెరికన్ ఫుట్‌బాల్ దగ్గర రెండు హైస్కూళ్లకీ పడదు. నిరుడు ఇదే మైదానంలో, ఈల మోగాక కూడా ఆగకుండా మిల్‌ఫోర్క్ వాడెవడో గుద్దితే ఆర్డెన్ కుర్రాడొకడు చనిపోయాడు. ఆపైన స్టాండుల్లో రెండు ఊళ్లూ కలబడ్డాయి. అందుకని ఈసారి శుక్రవారం రాత్రి ఆటను శనివారం మధ్యాహ్నానికి మార్చారు. వెలుతురులో ఒకరి ముఖాలొకరికి కనిపిస్తే చేతులు కాస్త అదుపులో ఉంటాయని ఆశ.

మళ్లీ గొడవ జరిగితే ఈ రెండు ఊళ్ల మధ్య ఇక ఆటే ఉండదని పైవాళ్లు తేల్చేశారు.

ఆ చుట్టుపక్కల రెఫరీలెవరూ రామన్నారు. ఎక్కడో రాష్ట్రం అవతలి చివర నుంచి రాండల్‌నీ అతని జట్టునీ పిలిపించారు. సరిగ్గా అప్పుడే రాండల్ జట్టులోని అంపైర్‌కి కాలు బెణికింది. బదులు వస్తానన్నవాడు ఈ వెండెల్ ఒక్కడేనట.

వచ్చిన దగ్గర్నుంచీ ఆయన పద్ధతి వింతగానే ఉంది. అంపైర్ నిలబడేది లావాటి కుర్రాళ్లు ఢీకొనే చోట. అక్కడ నిలబడి ఈయన మాట్లాడుతూనే ఉన్నాడు.

"అరవై నాలుగూ, చేతులు లోపలికి పెట్టుకో నాన్నా."

"బాబూ, ఆ చొక్కా వదిలెయ్. చూస్తూనే ఉన్నా."

సంతలో వంకాయలు బేరమాడుతున్నట్టు.

అందులోనూ మిల్‌ఫోర్క్ డెబ్బై రెండో నంబరు కుర్రాడంటే మరీ ముద్దు. ఆట మొదలయ్యే ముందు వాడు వెండెల్‌ని చూసి కొయ్యబారిపోయాడు. వెండెల్ దగ్గరికెళ్లి, వాడి హెల్మెట్ కమ్మీల ముందు ముఖం పెట్టి ఏదో చెప్పాడు. వాడి భుజాలు వణికాయి. రెండు ఊళ్ల జనమూ ఒక్కసారిగా మాటలు మానేశారు.

బెదిరించాడో, మంచి చేసుకున్నాడో రాండల్‌కి అర్థం కాలేదు.

"ఇంతకీ ఆ డెబ్బై రెండు మీకేమన్నా చుట్టమా?"

వెండెల్ బూటు లేసు బిగించుకున్నాడు.

"ఆ చుట్టరికానికి పేరేమిటో తెలీదు గానీ, కావలసినవాడే."

"బాగుంది! మైదానంలో కావలసినవాళ్లేమిటండీ? ఈ బుజ్జగింపులు ఇంటి దగ్గర మీ పిల్లలకి చేసుకోండి."

"సరే" అన్నాడు వెండెల్.

విరామం అయ్యాక, మూడో క్వార్టర్‌లో ఆర్డెన్ కుర్రాడొకడు బంతితో సహా బోర్లా పడ్డాడు.

ఈల మోగింది.

డెబ్బై రెండు మాత్రం ఆగలేదు. తల వంచుకుని, పడి ఉన్నవాడి మీదికే వస్తున్నాడు.

రాండల్ చెయ్యి జెండా మీదికి పోయింది.

"అయిపోయింది కోడీ! అయిపోయింది నాన్నా, ఆగు!"

అది వెండెల్ గొంతు. ఆ బక్క మనిషిలో అంత గొంతు ఎక్కడ దాక్కుందో!

కుర్రాడు గాల్లోనే ఒళ్లు మెలితిప్పుకుని పక్కన గడ్డిలో పడ్డాడు. లేచి, కింద ఉన్నవాడికి చెయ్యి అందించాడు. వాడు ఆ చేతి వంక చూశాడు, తటపటాయించాడు, పట్టుకున్నాడు.

స్టాండుల్లో చప్పుడు లేదు. ఆర్డెన్ వైపు ఎవరో వెక్కి వెక్కి ఏడవడం మైదానం దాకా వినిపించింది.

'ఏం ఊళ్లురా నాయనా! గుద్దితే కొట్టుకుంటారు, గుద్దకపోతే ఏడుస్తారు' అనుకున్నాడు రాండల్.

ఆట ముగిసింది. ఎవరూ ఎవరి మీదికీ పోలేదు. వెండెల్ అందరికీ చెయ్యి కలిపి, చారల చొక్కా అయినా మార్చుకోకుండా తన పాత ట్రక్కెక్కి వెళ్లిపోయాడు.

రాండల్ కారులో కూర్చోగానే, ఆటలకి రెఫరీలను పంపే మార్జ్‌కి ఫోన్ చేశాడు.

"మార్జ్, ఆ ముసలాయన్ని ఇంకెప్పుడూ నాకు అంటగట్టకు తల్లీ. ఒక్క జెండా తీస్తే ఒట్టు. పైగా మిల్‌ఫోర్క్ కుర్రాడితో ఆట పొడుగునా మంతనాలు!"

"గొడవేమన్నా అయిందా?"

"కాలేదు. అది వేరే సంగతి."

"ఇంకెప్పుడూ రాడులే రాండల్. ఈ ఒక్క ఆట కోసమే అడిగాడు. ఇద్దరు కోచ్‌లూ సరేనన్నాకే పంపాను. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు. చెప్తే నువ్వు బంతిని వదిలేసి తన ముఖమే చూస్తుంటావట."

"ఆయన ముఖంలో ఏముందని?"



"నిరుడు ఈల మోగాక గుద్దింది ఆ డెబ్బై రెండో నంబరు కుర్రాడే. 'వాడు భయపడకుండా ఆడాలంటే పక్కన నేనుండాలి' అని పట్టుబట్టి వచ్చాడు, ఆ చనిపోయిన పిల్లాడి నాన్న."