చేదు చూడని దోసకాయ

"ఉప్పు లేదు," అంది అత్తగారు కంచం పక్కకి నెట్టేస్తూ.

పొద్దంతా లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేసి, ఇంటికొచ్చి బట్టలైనా మార్చుకోకుండా కోడలు వండిన కూర అది.

"ఇందాకే ఇంకో చెంచా వేశాను కదా అత్తయ్యా!"

"వేశావేమో. నాకైతే తగల్లేదు."

కోడలు వేలితో కొంచెం తీసి నోట్లో పెట్టుకుంది. ఉప్పు కషాయంలా ఉంది. అయినా ఎదురు చెప్పలేదు. అత్తగారు కార్ఖానా క్యాంటీన్‌లో వంట చేసిన మనిషి. గంగాళంలోంచి ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకి తగిలిస్తే చాలు, ఏది ఎంత తగ్గిందో చెప్పేసేదట. కార్ఖానా మొత్తం ఆ నాలుకకి దణ్ణం పెట్టేదట. అలాంటి నాలుక ఉప్పు లేదంటే లేనట్టే. తన నాలుకదేముంది, ఇస్త్రీపెట్టె ఆవిరికి అది కూడా మొద్దుబారి ఉంటుంది.

"నిన్న కారం లేదన్నారు. మొన్న పులుపు లేదన్నారు. డాక్టరు ఏమన్నాడో మీరూ విన్నారుగా! ఇలాగే తినకపోతే ఆసుపత్రిలో పడుకోబెట్టి ముక్కులోంచి గొట్టం వేస్తాడట."

"వెయ్యనీ. గొట్టానికైతే ఉప్పు గొడవుండదు."

కోడలికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటికీ ఓపిక లేక కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టింది.

అత్తగారిని చూస్తే భయంగానే ఉంది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. ఉంగరం జారిపోతోందని వేలికి దారం చుట్టుకుంది. లారీ ఎక్కుతూ మొగుడు చెప్పి వెళ్ళింది ఒక్కటే మాట, "అమ్మ జాగ్రత్త" అని. అతను తిరిగొచ్చేసరికి ఆవిడ ఆసుపత్రి మంచం మీద ఉంటే ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

వంటగట్టు మీద సంచిలో దోసకాయలున్నాయి. పనినుంచి వస్తూ రైతుల సంతలో కొన్నవి. సంత ఎత్తేసే వేళ కదా, బేరమైనా ఆడనివ్వకుండా మిగిలినవన్నీ సంచిలో పోసేశాడు రైతు. ఇప్పుడు వాటిని చెక్కు తీసి, గింజలు తీసి, ఉడకబెట్టాలి. ఆవిడకి జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచి, అరగదేమోనన్న భయంతో ఈ ఇంట్లో ప్రతి కూరా గుజ్జయ్యేదాకా ఉడుకుతోంది. మళ్ళీ పొయ్యి వెలిగించాలంటే కోడలికి ప్రాణం పోయినట్టుంది.

వెలిగించలేదు. ఒక కాయ తీసి, చెక్కు తీసి, లావుపాటి ముక్కలుగా కోసి, అలాగే తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"ఇంక నా వల్ల కాదు అత్తయ్యా. తింటే తినండి, లేకపోతే మానెయ్యండి."

అత్తగారు ముక్కల వంకా కోడలి వంకా చూసింది. "పచ్చివా?"

"పచ్చివే."

ఆవిడ ఒక ముక్క తీసుకుని కొరికింది. కరుక్కుమంది. ఒక్క క్షణం ఆగింది. నెమ్మదిగా నమిలింది, కరకర, కరకర. కళ్ళు మూసుకుంది. ఆ ముక్క పూర్తిగా మింగకుండానే చెయ్యి రెండో ముక్క మీదికి వెళ్ళింది.

కోడలు ఎదురు కుర్చీలో కూలబడి నోరు తెరుచుకుని చూస్తోంది.

"బాగుందా అత్తయ్యా?"

"ఉష్! మాట్లాడకు. తిననీ."

ఇల్లంతా ఆ కరకరే. పళ్ళేనికి అడుగు కనబడుతోంది. కోడలికి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ పొయ్యి దగ్గర చేసిన చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరన్నమాట! ఏమైతేనేం, మనిషి తింటోంది. గొట్టం బెడద తప్పింది. ఆ రైతు మళ్ళీ కనబడితే చేతులెత్తి మొక్కాలి.

"ఇన్నాళ్ళకి తిన్నట్టుందమ్మాయ్," అంది అత్తగారు మూతి తుడుచుకుంటూ. "ఇంకోటి కొయ్యి."

"కోస్తానుండండి."

లేచేసరికి కోడలికి తన ఆకలి గుర్తొచ్చింది. పళ్ళెంలో మిగిలిన ఒక్క ముక్కా తీసి నోట్లో వేసుకుంది.

కొరకగానే ఒళ్ళు జలదరించింది. కటిక విషం. సింకు దగ్గరికి పరుగెత్తి ఊసేసి, నోరు పుక్కిలించి, మళ్ళీ ఊసింది. అయినా గొంతులోంచి పోదే!

దోసకాయ కొయ్యగానే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చేదు చూడాలి. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఈ అత్తగారే దగ్గర కూచోబెట్టి నేర్పిన పాఠం అది. ఇవాళ ఒళ్ళు తెలియని అలసటలో అదే మరిచిపోయింది.

"అయ్యో అత్తయ్యా! ఇంత చేదు కాయ ఎలా తిన్నారు?"

అత్తగారు వేలికున్న ఉంగరాన్ని దారంతో సహా తిప్పుతూ కూచుంది. కోడలు తడి చేతులతోనే వచ్చి ఆవిడ ముందు నిలబడింది.

"చేదుగా ఉందా?" అంది అత్తగారు తల ఎత్తకుండా. "జ్వరంతో పాటే రుచీ పోయిందమ్మాయ్, నేనెవరితో చెప్పుకోను? ఇది కరకరలాడుతుంటే... తింటున్నట్టు వినబడింది."