సదయ్య మలుపు

"ఇగో, ఇదే సదయ్య మలుపు" అని సహస్ర వాగు పక్కన తుప్పు పట్టిన పట్టాల దగ్గర ఆగింది. వెంట నడిచి వచ్చినవాళ్లంతా ఫోన్లు పైకెత్తారు. బొగ్గు వ్యాగన్లను పక్కకు తీసి నిలిపే పాత సైడింగు లైను అది. అక్కడ కొత్తగా పాతిన బోర్డు మీద ఆ పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. బోర్డు పక్కన బంతిపూల దండ వేసుకుని రాయమల్లు తల వంచుకుని నిలబడ్డాడు.

గుంపు చివర, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్న సదయ్యకు ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? పేరేమో తనది. దండేమో చెల్లెలి మొగుడి మెడలో ఉంది.

బొగ్గు కంపెనీలో కొలువుకు పిలుపు వచ్చింది కమాన్‌పూర్ సదయ్యకే. పొలాన్ని, ఎవుసాన్ని వదిలి రానని అతను మొండికేస్తే, రాయమల్లు ఆ పేరు చెప్పుకుని డ్యూటీలో చేరిపోయాడు. ఆ కాలంలో ఇక్కడ అట్లా మారుపేర్లతో పనిచేసినవాళ్లు ఎందరో. ఇంట్లో రాయమల్లు, డ్యూటీలో సదయ్య. రిటైరయ్యేదాకా అంతే.

చెల్లెలు ఐలవ్వ కంపెనీ క్వార్టర్లో ఫ్యాను కింద కాళ్లు చాపుకుని కూర్చుంటే సదయ్య ఓర్చుకున్నాడు. రాయమల్లు కొత్త బండి మీద ఊళ్లోకి వస్తే పళ్లు కొరికి ఊరుకున్నాడు. ఇది మాత్రం ఓర్చుకునేది కాదు. ఈ సహస్ర టీచరమ్మ ఆదివారం ఆదివారం జనాన్ని వెంటేసుకుని, స్టేషను నుంచి నడిపిస్తూ ఊరి రైలు చరిత్ర చెబుతుందట. 'ఈ వారం సదయ్య మలుపు, అతిథి సదయ్య తాత' అని ఫోన్లో వచ్చిన కబురు మనవరాలు చూపించింది. కింద చూస్తే రాయమల్లు ఫొటో. సదయ్యకు ఆ పూట అన్నం సహించలేదు.

పొద్దున్నే బస్సెక్కి వచ్చి, స్టేషను కాడి నుంచి వెనకాలే నడుస్తున్నాడు. ఆవిరి ఇంజన్లకు నీళ్లు పట్టిన పాత ట్యాంకు దగ్గర ఇద్దరు ఆడపిల్లలు రాయమల్లును మధ్యలో నిలబెట్టుకుని ఫొటో దిగారు. ఆయన సిగ్గుపడ్డాడు కూడా. వేషాలు అనుకున్నాడు సదయ్య.

"గీ మలుపుకు గా పేరెట్ల వచ్చింది మేడం?" గుంపులో ఎవరో అడిగారు.

"గది చెప్పనీకే తాతను తోలుకొచ్చిన" అంది సహస్ర. "ఈ సైడింగుల ఎంతమందో పనిచేసిన్రు. పేరు నిలబడ్డది ఒక్కరిదే."

ఆ మాటతో సదయ్య ఇక ఆగలేదు. మొహం మీది తువ్వాలు లాగేసి, అందరినీ తోసుకుంటూ ముందుకు వచ్చాడు. అతన్ని చూడగానే రాయమల్లు మొహం పాలిపోయింది.

"బావా, నువ్వెప్పుడొచ్చినవ్? పా, గాడ చాయ తాగుదాం" అని చెయ్యి పట్టుకున్నాడు.

"చాయ నువ్వే తాగు. నా పేరు నాకియ్యి."

"మెల్లగ మాట్లాడు. ఇంటికి వోయినంక అన్నీ చెప్త."

"గీడ చెప్తే ఏమైతది? దండ వోతదా? నీ పింఛను నీకే ఉండనీ రాయమల్లు, నేనడిగేది నా పేరు."

"నీ కాళ్లు మొక్కుత బావా. గీ ఒక్కదాని జోలికి రాకు. నా మాట ఇను."

అతను బతిమాలినకొద్దీ సదయ్యకు కడుపు రగిలిపోయింది. గొప్ప చేజారుతుందని ఎట్లా గింజుకుంటున్నాడో చూడు. చెయ్యి విదిలించుకుని, జేబులోంచి ఆధార్ కార్డు తీసి సహస్ర ముందు పెట్టాడు.

"చూడు బిడ్డా. సదయ్యను నేను. ఈన రాయమల్లు, మా చెల్లె మొగడు. నా పేరు మీద డ్యూటీ చేసిండు."

సహస్ర కార్డు చూసి, అయోమయంగా రాయమల్లు వైపు తిరిగింది. "నిజమా తాతా?"

రాయమల్లు బావ వైపు ఓసారి చూసి తల ఊపాడు. "నిజమే బిడ్డా. అసలు సదయ్య ఈయననే."

"అయితే గా దినం గీడ డ్యూటీల ఉన్నది గూడ మీరేనా?" అని సహస్ర సదయ్యను అడిగింది.

ఏ దినమో సదయ్యకు తెలియదు, అయినా లెక్క వేసుకున్నాడు. కాదంటే పేరు మాత్రం తనకు మిగిలి, గొప్పంతా మళ్లీ రాయమల్లు ఖాతాలోకే పోతుంది. పేరు తనదైనప్పుడు, దాని వెంట వచ్చిన గొప్ప పక్కవాడికి ఎందుకు వదలాలి?

"నేనే" అన్నాడు రొమ్ము విరుచుకుని. "ఆ దినం గీడున్నది నేనే. ఈన ఆ దినం ఇంట్ల పన్నడు. ఏం రాయమల్లు, చెప్పరాదు?"

"బావా..." అని నసిగి, రాయమల్లు అతని కళ్లలోకి చూశాడు. ఇంకేం లాభం లేదనుకున్నాడేమో, దండ తీసి బావ మెడలో వేసి, చల్లగా వెనక్కి జారుకుని గుంపులో కలిసిపోయాడు.

సదయ్య కడుపులో మంట ఇన్నాళ్లకు చల్లారింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, బోర్డు పక్కన నిటారుగా నిలబడ్డాడు. ఫోన్లన్నీ అతని వైపు తిరిగాయి. ఈ వీడియో ఐలవ్వ కూడా చూడాలి అనుకున్నాడు.

"మరి ఆ ముచ్చట మీరే చెప్పున్రి తాతా."

"నా గొప్ప నేనే చెప్పుకుంటే ఏం బాగుంటది? నువ్వే చెప్పు బిడ్డా. అందరికి ఇనవడేటట్టు చెప్పు."

సహస్ర గొంతు పెంచింది. "డ్యూటీల నిద్రవోయి, పట్టాలు మార్చుడు యాదిమర్సి, నిండు బొగ్గు వ్యాగన్లను తీస్కపోయి గా వాగుల పడేసిన సదయ్య తాత ఈయననే. ఇన్నేండ్లకు నలుగురి ముందటికొచ్చి ధైర్యంగ ఒప్పుకున్నందుకు జర గట్టిగ చప్పట్లు కొట్టున్రి."