దూరపు రంగు

"ఎరుపు వద్దన్నానా! మీదికొచ్చేస్తుంది," విసుక్కున్నాడు బావ.

మరదలు కుంచె ఆపింది.

పోయేముందు అక్క సగంలో వదిలేసిన సముద్రం అది. ఆకాశం ఒక బూడిదరంగు పట్టీ. నీళ్ళు నాలుగు పట్టీలు. రాతిగుట్ట ఓ నల్లటి ముక్కోణం. చూడగానే సముద్రమనిపించదు, కాసేపు చూస్తే మాత్రం హోరు వినిపిస్తుంది. రేపే అక్క బొమ్మల ప్రదర్శన. ఇదొక్కటే మిగిలింది.

"అక్కని ఆ రాతిమీద నిలబెడదామని బావా. ఒక్క గీతలో."

"నిలబెట్టు. కానీ దూరంగా కనిపించాలి. దగ్గరి అల వెడల్పు, దూరపు అల సన్నం. రంగూ అంతే. ఎరుపు ముందుకి దూకుతుంది, నీలం వెనక్కి జరుగుతుంది. ఈ మాత్రం మీ అక్క వారంలో పట్టేసింది."

"అక్కతో నాకు పోలికేంటి? మీకే గురువైందని పేపర్లో రాశారుగా."

బావ మొహం మాడిపోయింది. "రాశారు. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడమంటే అదే."

ఆమె ఎరుపులో నీలం కలిపింది. రంగు కమిలిన దెబ్బలా తయారైంది.

"అలలంటేనే హడలిపోయే మనిషి, ఆ సాయంత్రం రాతి అంచుదాకా ఎందుకెళ్ళింది బావా?"

"మళ్ళీ మొదలెట్టావా? జారిపడింది. పోలీసులూ అదే తేల్చారు. నేనుంటే పోనిచ్చేవాణ్ణా? పొద్దున్నే బస్సెక్కానాయె. మర్నాడు నువ్వు ఫోన్ చేస్తేగానీ నాకు తెలీదు."

"నిజమే. మీరు బస్సెక్కేటప్పుడు అక్క ఎర్రచీరలో ఉంది. ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడూ ఒంటిమీద అదొక్కటే." ఆమె కుంచె మళ్ళీ ఎరుపులో ముంచి, రాతిమీద ఓ గీత పెట్టింది. "అందుకే ఎరుపు."

"అబ్బబ్బ, ఇలా తే!"

బావ కుంచె లాక్కున్నాడు. ఎర్రగీతని గుడ్డతో తుడిచేశాడు.

"చీకటి పడబోయే వేళ. బొమ్మంతా బూడిద. ఇందులో ఎరుపు పెడితే కళ్ళలో కారం కొట్టినట్టుంటుంది. అయినా మీద శాలువా కప్పుకుంటే చీరెక్కడ కనిపిస్తుందే, మొద్దూ!"

పసుపులో చిటికెడు బూడిదరంగు కలిపాడు. రాతి కొసన వేలి గోరంత గీత పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూశాడు.

గీత ఒక్కసారిగా దూరమైపోయింది. గాలికి కాస్త ఒరిగి, వీపు మనవైపు పెట్టి నిలబడింది. అచ్చం అక్కే.

"అదీ!" అన్నాడు తృప్తిగా. "ఏం చేసినా సరే, రంగు దగ్గర అబద్ధమాడకూడదు."

మరదలు ఆ పసుపు గీతనే చూస్తూ ఉండిపోయింది.

"ఆ పసుపు శాలువా అక్కకి నేనిచ్చింది మీరు బస్సెక్కాక, బావా."