ఉమ్మడి తాత

బొమ్మలాయన ఇంటికీ వాళ్ళన్న ఇంటికీ మధ్య సందులోకి మెట్లు దింపింది వాళ్ళన్నే. ఇదేంటని అడిగితే "ఇక్కడ నీ స్థలం ఎక్కడుందిరా?" అన్నదీ వాళ్ళన్నే. అందుకే మ్యూజియంవాళ్ళు మూడు కోట్ల ఏళ్ళనాటి కోతి బొమ్మ చెయ్యమనగానే, బొమ్మలాయన దానికి వాళ్ళన్న ముఖం పెట్టేశాడు.

పెట్టడానికి అడ్డేముంది? తవ్వకాల్లో దొరికింది పై దవడా, నుదుటి చిప్పా, అంతే. పళ్ళూ ఎముకలూ రాయిగా మారి మిగులుతాయి గానీ ముక్కూ చెవులూ మిగలవట. "అవి మీ ఊహకే వదిలేస్తున్నాను," అంది క్యూరేటరమ్మ.

"ఊహ ఎందుకు మేడమ్? రోజూ చూస్తున్న ముఖమే," అన్నాడు బొమ్మలాయన.

హాలు తెరిచేది రేపు. ఇవాళ లైట్లు బిగించడానికి వచ్చే ఎలక్ట్రీషియను సాక్షాత్తూ వాళ్ళన్న. తన ముఖం తను చూసుకుని నలుగురిలో సిగ్గుతో చచ్చిపోవాలి. ఆ దెబ్బకి మెట్లు పీకించాలి.

"వద్దండీ. బావగారు ఊరుకుంటారా?" అంది పొద్దున పెళ్ళాం.

"ఊరుకోకూడదనేగా ఇంత చాకిరీ!"

క్యూరేటరమ్మ గోడ మీది పెద్ద పటం చూపించింది. "ఇదిగో, కొమ్మ ఇక్కడ రెండుగా చీలింది. ఇటు తోకున్న కోతులు. అటు తోకలేని వానరాలు: గిబ్బన్, గొరిల్లా, చింపాంజీ, చివర్లో మనం. మీ బొమ్మ సరిగ్గా ఈ చీలిక దగ్గర కూర్చునే తాత."

"ఉత్త కోతి కాదా?" బొమ్మలాయన ముఖం చిన్నబోయింది.

"ఇద్దరికీ ఉమ్మడి. మొదట్లో తోకలేనివాళ్ళదే రాజ్యం. ఎన్ని రకాలో! కోతులు ఏ మూలో పడి ఉండేవి. తర్వాత తారుమారైంది. కోతులు మెల్లగా చోటంతా ఆక్రమించాయి, వీళ్ళు గుప్పెడు మిగిలారు."

"మెట్లు కట్టుకుంటూ వచ్చాయా మేడమ్?"

ఆవిడకి అర్థం కాలేదు. అంతలో నిచ్చెన భుజాన వేసుకుని అన్న వచ్చాడు.

"ఏరా, కోతులక్కూడా లైట్లేనా?"

"ముందు వెలిగించన్నా. ఎవరిలా ఉందో నువ్వే చెబుదువుగాని."

అన్న నిచ్చెనెక్కాడు. స్విచ్ నొక్కి దీపం తిప్పాడు. వెలుగు గుండ్రంగా వచ్చి బొమ్మ ముఖం మీద ఆగింది. చప్పిడి ముక్కు, పైకి లేచిన ఎడమ కనుబొమ్మ, చేటంత చెవులు. బొమ్మలాయన నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాడు.

అన్న ఒక్కో మెట్టే దిగాడు. తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఒరేయ్... నాన్నరా!"

బొమ్మలాయన మళ్ళీ చూశాడు. నాన్నే. ఆ ముక్కు నాన్నదే, ఆ కనుబొమ్మ నాన్నదే. మెల్లగా తన చెవి తడుముకున్నాడు. చేటంత ఉంది.

"పోయినాయన మాట ఒక్కసారి ఎత్తవు. మర్చిపోయావనుకున్నాను," అన్నాడు అన్న. "ఇలా వెంట్రుక వెంట్రుకా సూదితో గుచ్చి కూర్చోబెట్టావట్రా!"

"కోతిగా చేశానని..."

"కోతయితేనేం, నాన్నే కదా!" అన్న కళ్ళు తుడుచుకున్నాడు. "ఆయన కొడుకులమై ఉండి ఆ ముష్టి సందు కోసం కొట్టుకున్నాం. రేపు పొద్దున్నే మెట్లు కొట్టించేస్తాను. సందంతా నువ్వే వాడుకో. నాన్న సాక్షి."

క్యూరేటరమ్మ కూడా ముక్కు ఎగబీల్చింది.

"నాన్న కోసమే చేశానన్నా," అన్నాడు బొమ్మలాయన, తల వంచుకుని.

సరిగ్గా అప్పుడే భోజనం డబ్బాతో అతని పెళ్ళాం గుమ్మంలోకి వచ్చింది. ఏడుస్తున్న బావగారు, తల దించుకున్న మొగుడు, మధ్యలో ఆ బొమ్మ. డబ్బా కింద పెట్టేసి గబగబా వెళ్ళి బావగారికి దణ్ణం పెట్టింది.

"మీరు బాధపడకండి బావగారూ. ఈయన తరఫున నేను క్షమించమని అడుగుతున్నాను. కోతికి మీ ముఖం పెట్టొద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. వింటేనా! మీ ఫోటో గోడకంటించుకుని మరీ చేశారు."

ఆ వారంలోనే మెట్లకి ఇనుప కమ్మీలు కూడా వచ్చాయి. ఆ సందులో బొమ్మలాయనకి పోయింది మూడున్నర అడుగుల వెడల్పు, ఇరవై రెండు అడుగుల పొడవు, వెరసి డెబ్భై ఏడు చదరపు అడుగులు.